రోమాంధ్రం: లాటిన్ మన రేవులో దిగి ఉంటే

తల్లి, తండ్రి అనే రెండు మాటలను పక్కపక్కన పెట్టి బహువచనం చేస్తే ‘తల్లితండ్రులు’ కావాలి. కానీ మన నోట ‘తల్లిదండ్రులు’ అని వస్తుంది. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. కూర, కాయ కలిస్తే కూరగాయలు. ఊరు, పల్లె కలిస్తే ఊరువల్లెలు. రెండు అచ్చుల మధ్య ఇరుక్కున్న పరుషం మెత్తబడుతుంది: క గ అవుతుంది, చ స అవుతుంది, ట డ అవుతుంది, త ద అవుతుంది, ప వ అవుతుంది. బడిలో దీన్ని గసడదవాదేశ సంధి అని కంఠస్థం చేయించారు, మార్కులు వేశారు, ఆ తరువాత అందరం మరచిపోయాం. అయితే ఈ సూత్రాన్ని తీసుకెళ్లి లాటిన్ మాటల మీద పెట్టి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. లాటిన్‌లో ‘వీత’ అంటే జీవితం. మన సూత్రం దాన్ని ‘వీద’ చేస్తుంది. ‘అమీక’ అంటే స్నేహితురాలు. అది ‘అమీగ’ అవుతుంది. ఈ రెండు మాటలనూ స్పానిష్ వారు నేటికీ దాదాపు ఇలాగే, ‘విద’, ‘అమిగ’ అని పలుకుతారు. స్పానిష్‌కు మన చిన్నయసూరి తెలియదు, మనకు వారి నోరు తెలియదు. అచ్చుల మధ్య పరుషం మెత్తబడడం మనిషి నోటికి సహజం గనుక రెండు చోట్లా అదే జరిగింది.

కల్పిత రొమాన్స్ భాష అనే ప్రక్రియ అంతా ఈ సహజత్వం మీదే నిలబడి ఉంది. లాటిన్ నుంచి పుట్టిన ఇటాలియన్, స్పానిష్, ఫ్రెంచ్, పోర్చుగీస్, రొమేనియన్ మొదలైనవి రొమాన్స్ భాషలు. చరిత్రలో లాటిన్ వేళ్లూనని చోట వేళ్లూని ఉంటే, అక్కడి జనం నోళ్లలో పదిహేను, ఇరవై శతాబ్దాలు నలిగితే ఇవాళ ఎలా ఉండేదో నియమబద్ధంగా లెక్కకట్టడమే ఈ ప్రక్రియ. ఇది ఇష్టం వచ్చినట్టు మాటలు పుట్టించే ఆట అని కొందరు అనుకుంటారు. వాస్తవానికి ఇందులో ఇష్టానికి చోటు చాలా తక్కువ. సూత్రాన్ని ఎంచుకునేటంతవరకే మనకు స్వేచ్ఛ ఉంటుంది. ఎంచుకున్నాక అది ఏ మాటను ఏం చేస్తే దానికి తల ఒగ్గవలసిందే.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. లాటిన్ ఆధారంగా భాషలు కట్టినవారు రెండు రకాలు. మొదటి రకం వారికి కావలసింది దేశాల మధ్య వాడుకకు పనికొచ్చే సులభమైన భాష. గణిత శాస్త్రవేత్త పెయానో 1903లో లాటిన్‌కు ఉన్న విభక్తులనూ క్రియారూపాలనూ ఒలిచివేసి ఒక భాషను ప్రతిపాదించాడు. 1922లో ఎడ్గర్ డి వాల్ ఆక్సిడెంటల్ అనే భాషను ప్రకటించాడు. 1951లో అలెగ్జాండర్ గోడె సంపాదకత్వంలో ఇంటర్‌లింగ్వా నిఘంటువు వెలువడింది. ఇంగ్లీషు, ఫ్రెంచ్, ఇటాలియన్‌లతో పాటు, ఒకే జట్టుగా లెక్కించిన స్పానిష్, పోర్చుగీస్‌లలో కనీసం మూడింటిలో కనిపించే మాటను తీసుకోవాలన్నది స్థూలంగా దాని పద్ధతి. అందులో క్రియకు పురుషభేదం లేదు: నేను, నువ్వు, వాడు అందరికీ ‘పార్ల’ ఒక్కటే. నేర్చుకోవడానికి హాయిగా ఉంటుంది. కానీ ఇది సగటు తీసి కట్టిన భాష. దానికి బాల్యం లేదు, అందులో ముడతలు లేవు. ఏ ఊరి జనమూ దాన్ని నమిలి ఉండరని వినగానే తెలిసిపోతుంది.

రెండో రకం వారికి కావలసినవి సరిగ్గా ఆ ముడతలే. న్యూజిలాండ్‌కు చెందిన ఆండ్రూ స్మిత్ 1996లో బ్రిథెనిగ్ అనే భాషను రూపొందించాడు. బ్రిటన్‌లో లాటిన్ స్థానిక కెల్టిక్ భాషను పక్కకు నెట్టి నిలబడి, ఆపైన ఆ కెల్టిక్ సంతతికే చెందిన వెల్ష్ భాషలో జరిగిన ధ్వని మార్పులన్నింటికీ లోనై ఉంటే ఎలా ఉంటుందన్నది అతని ప్రశ్న. డచ్ దేశీయుడు యాన్ వాన్ స్టేన్‌బెర్గెన్ 2002లో ఇదే ప్రశ్నను పోలిష్ గురించి వేసుకుని వెనెదిక్ అనే భాషను తయారుచేశాడు. బ్రిథెనిగ్‌లో పరలోక ప్రార్థన ‘నుస్త్ర్ పద్ర్’ అని మొదలవుతుంది. లాటిన్ ‘పాతెర్ నోస్తెర్’ అందులో ఇంకా వినిపిస్తూనే ఉంది. అయితే చివరి అచ్చులు రాలిపోయాయి, త ద అయింది.

స్మిత్ తన సూత్రాలను గాలిలోంచి తీసుకోలేదు. రోమన్ల పాలనలో వెల్ష్ పూర్వీకులు లాటిన్ నుంచి వందలాది మాటలను అరువు తెచ్చుకున్నారు, అవి వెల్ష్‌లో ఇవాళ్టికీ ఉన్నాయి. ‘వీనుమ్’ అంటే ద్రాక్షసారా, వెల్ష్‌లో ‘గ్విన్’ అయింది. ‘పొపులుస్’ అంటే జనం, వెల్ష్‌లో ‘పొబ్ల్’ అయింది. ఈ రెంటినీ చూస్తే మాట మొదటి వ గ్వ అవుతుందనీ, అచ్చుల మధ్య ప బ అవుతుందనీ, పదాంతం రాలిపోతుందనీ తెలుస్తుంది. మిగిలిన లాటిన్ పదజాలానికి ఈ సూత్రాలనే వర్తింపజేయాలి. వెల్ష్‌లో ఇంకొక విచిత్రం ఉంది: ముందున్న మాటను బట్టి తరువాతి మాట మొదటి హల్లు మారుతుంది. ‘కాథ్’ అంటే పిల్లి. ‘అతని పిల్లి’ అన్నప్పుడు అది ‘గాథ్’, ‘ఆమె పిల్లి’ అన్నప్పుడు ‘ఖాథ్’. యూరప్ పాఠకులు దీన్ని చూసి కళ్లు తేలేస్తారు కానీ, పద్యాలు చదివిన తెలుగువారికి ఇది కొత్త కాదు. పూచెను, కలువలు కలిస్తే ‘పూచెనుగలువలు’ అవుతుంది. ద్రుతం (మాట చివరి న) మీది పరుషాలకు సరళాలు (గ, జ, డ, ద, బ) వస్తాయన్న సూత్రం వెల్ష్ మృదూకరణానికి తోబుట్టువు లాంటిది. బ్రిథెనిగ్‌ను అర్థం చేసుకోవడానికి లండన్ విద్యార్థి కన్నా మన ఊరి తెలుగు పండితుడికి తక్కువ సమయం పడుతుందని నా నమ్మకం.

ఈ మాటే ఒకసారి తొట్లకొండ మీద నిలబడి మా మేనకోడలితో అన్నాను. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే సముద్రపు దారిలో ఉన్న ఈ బౌద్ధ క్షేత్రానికి, రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు వచ్చింది. 1988, 1993 మధ్య జరిగిన తవ్వకాల్లో ఇక్కడ శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. సామాన్య శకం ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ, భారతదేశం ఏటా తమ సామ్రాజ్యం నుంచి 5 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) లాగేసుకుంటోందని వాపోయాడు. ఆ సొమ్ములో ఒక పిసరు ఈ కొండ దాకా వచ్చిందన్నమాట. కింద సముద్రం వైపు చూస్తూ మా అమ్మాయి అడిగింది: “మావయ్యా, నాణేలతో పాటు మనుషులు కూడా దిగిపోయి, ఇక్కడే పెళ్లిళ్లు చేసుకుని ఉండిపోయి ఉంటేనో?” దిగారనడానికి ఆధారమేమీ లేదు. దిగి ఉంటే వాళ్ల భాష ఏమై ఉండేదో మాత్రం లెక్కకట్టవచ్చు. దానికి రోమాంధ్రం అని పేరు పెట్టింది ఆ పిల్లే. సవర్ణదీర్ఘం ఇంత అక్కరకు రావడం నేనెప్పుడూ చూడలేదు.

అచ్చుల దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే తక్కిన కథంతా అక్కడే తేలిపోతుంది. లాటిన్‌కు అ, ఎ, ఇ, ఒ, ఉ అనే ఐదు హ్రస్వాలు, వాటికి ఐదు దీర్ఘాలు ఉండేవి. తెలుగుకూ సరిగ్గా అవే పది. సంస్కృతంలో లేని హ్రస్వ ఎ, హ్రస్వ ఒ రెండు చోట్లా ఉన్నాయి. మనకు మెడ వేరు, మేడ వేరు. పడు వేరు, పాడు వేరు. లాటిన్ వారికి ‘మలుమ్’ అంటే కీడు, ‘మాలుమ్’ అంటే ఆపిల్ పండు. ‘వెనిత్’ అంటే వస్తాడు, ‘వేనిత్’ అంటే వచ్చాడు. రొమాన్స్ భాషలన్నీ ఈ హ్రస్వదీర్ఘ భేదాన్ని పోగొట్టుకున్నాయి. ఇటలీలోనూ పశ్చిమాన చాలా చోట్లా హ్రస్వ ఇ, దీర్ఘ ఏ కలిసిపోయాయి. హ్రస్వ ఉ, దీర్ఘ ఓ కలిసిపోయాయి. ఆఫ్రికా ప్రాంతపు చెవులకు హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా తెలియడం లేదని సెయింట్ అగస్టీన్ రాసిపెట్టాడు. హ్రస్వంతో ‘ఒస్’ అంటే ఎముక, దీర్ఘంతో ‘ఓస్’ అంటే నోరు. జనం తికమక పడకుండా ఎముకకు ‘ఒస్సుమ్’ అనే పామర రూపమే వాడడం మేలని ఆయన సలహా. మన రేవులో దిగిన లాటిన్‌కు ఈ ఇబ్బంది ఉండేది కాదు. ఇక్కడి చెవి హ్రస్వదీర్ఘాలు ఎరిగిన చెవి. ఆ లెక్కన, అన్ని రొమాన్స్ భాషలూ జారవిడుచుకున్న ఆస్తిని రోమాంధ్రం ఒక్కటే దాచుకుంటుంది.

అయితే పూర్తిగా దాచుకోదు. తెలుగు మాట చివర దీర్ఘాన్ని ఓర్చుకోదు. సంస్కృత రమా మనకు రమ, గౌరీ గౌరి, నదీ నది. ఈ సూత్రాన్ని లాటిన్ మీద వేయగానే పదాంత దీర్ఘాలన్నీ హ్రస్వాలైపోతాయి. మాట చివరి హ్రస్వ ఒ కూడా మనకు నప్పదు గనుక అది ఉ అవుతుంది. లాటిన్ చివరి మ్ ప్రాచీన కాలంలోనే బలహీనపడి రాలిపోయింది కాబట్టి దానితో పని లేదు. మిగిలిన హల్లులు పదాంతంలో ఉంటే, బస్ బస్సు అయినట్టు, చివర ఉకారం చేరుతుంది. ఈ చిన్న చిన్న సంగతులు విభక్తులను ఎలా కూల్చాయో వ్యాకరణం దగ్గర చూద్దాం.

హల్లులకు వద్దాం. లాటిన్‌లో సి అక్షరాన్ని ఎప్పుడూ క అనే పలికేవారు. వంద అంటే ‘కెంతుమ్’. ఇ, ఎ అచ్చుల ముందు ఈ క ఇటాలియన్‌లో చ అయింది, వంద ‘చెంతో’ అయింది. సార్డీనియా దీవి మాండలికాల్లో కొన్ని మాత్రం ‘కెంతు’ అంటూ పాత పలుకుబడినే పట్టుకున్నాయి. ఇదే నాటకం మన దక్షిణాదిలోనూ జరిగింది. కన్నడిగులు ‘కివి’ అంటారు, మనం ‘చెవి’ అంటాం. వారిది ‘కెరె’, మనది చెరువు. ఇటాలియన్ పక్కన తెలుగును, సార్డీనియా పక్కన కన్నడాన్ని కూర్చోబెడితే సరిపోతుంది. కాబట్టి రోమాంధ్రంలో వంద ‘చెంతు’.

రెండో సూత్రం గసడదవ, దాన్ని మొదటే చూశాం. తోడేలుకు ‘లుపుమ్’, అది ‘లువు’ అవుతుంది. జంట హల్లులకు మాత్రం ఈ సూత్రం తగలదు. ఆవుకు లాటిన్ ‘వక్క’. రోమాంధ్రంలోనూ ‘వక్క’గానే ఉండిపోతుంది, మనం తాంబూలంలో వేసుకునే దానితో గొడవ పడుతూ. మూడోది సంయుక్తాక్షరాల సంగతి. భక్తిని బత్తి చేసిన నోరు ‘నొక్తెమ్’ అనే రాత్రిని ‘నొత్తె’ చేస్తుంది, ‘లక్తెమ్’ అనే పాలను ‘లత్తె’ చేస్తుంది. ఇటాలియన్‌లోనూ అవే ‘నొత్తె’, ‘లత్తె’. బీచ్ రోడ్డు కాఫీ షాపుల్లో బోర్డు మీద లాటే అని రాసి అమ్మేది ఈ పాల మాటే. స్పానిష్ దాన్ని ‘లెచె’ చేసింది, ఫ్రెంచ్ ‘లే’ అన్న ఒక్క అక్షరానికి కుదించింది, రొమేనియన్ ‘లప్తె’ అంది. ఒకే లాటిన్ జంట హల్లు నాలుగు నోళ్లలో నాలుగు దారులు పట్టింది. కానీ ఒక్కొక్క భాష లోపల ఆ దారి మారదు: ‘లప్తె’ అన్న రొమేనియన్ రాత్రిని ‘నొయప్తె’ అంటుంది, ఎనిమిదిని ‘ఒప్త్’ అంటుంది. కల్పిత భాష కట్టేవారు మొదట నేర్చుకోవలసింది ఈ నిలకడనే.

నేను దీన్ని దెబ్బ తిని నేర్చుకున్నాను. మొదటిసారి నోటుపుస్తకంలో రెండు వందల మాటలు రాసుకున్నప్పుడు, వినడానికి బాగుంటుందని ఒక చోట ‘క్త’ను ఉంచేశాను, ఇంకొక చోట ‘త్త’ చేశాను. నెల తరువాత తిరిగి చూస్తే ఏ మాట ఎందుకు అలా ఉందో నాకే తెలియలేదు. పుస్తకం పక్కన పడేసి, మాటల జోలికి పోకుండా, ముందు సూత్రాలను మాత్రం వరుసగా రాశాను. ఆ వరుస ఎంత ముఖ్యమో అప్పుడు తెలిసింది. పదికి లాటిన్ ‘దెకెమ్’. ముందు క చ కావాలి, తరువాత అచ్చుల మధ్య చ స కావాలి: దెకె, దెచె, దెసె. ఈ వరుసను తలకిందులు చేస్తే ముందే క గ అయిపోయి ‘దెగె’ వస్తుంది. ఆపైన చ చేయడానికి క మిగలదు. సూత్రాలు అవే, వరుస మారితే భాషే మారిపోతుంది. నిజమైన భాషల చరిత్రలో కూడా ఏ మార్పు ముందు జరిగిందో పండితులు తేల్చేది ఇలాంటి మాటలను చూసే.

ఇక మన సొంత సొత్తు ఒకటి ఉంది. దాన్ని వదిలితే రోమాంధ్రానికి తెలుగు గంధం అంటదు. తమిళులు ‘ఉరల్’ అంటారు, మనం రోలు అంటాం. వారి ‘ఇరండు’ మనకు రెండు. మాట మొదట్లో ఉండవలసిన అచ్చు ర, ల వంటి హల్లును దాటి వెనక్కి దూకింది. చాలా చోట్ల తరువాతి అచ్చుతో కలిసి దీర్ఘమైంది. దీన్ని వర్ణవ్యత్యయం అంటారు, భద్రిరాజు కృష్ణమూర్తి వంటివారు దీన్ని విపులంగా విశ్లేషించారు. లాటిన్‌లో ‘ఎరత్’ అంటే ఉండెను. చివర ఉకారం చేరి ‘ఎరతు’, త మెత్తబడి ‘ఎరదు’, అచ్చు దూకి ‘రేదు’. ఉండెను అనే మాట లేదు అనే మాటకు ఒక్క అక్షరం దూరంలో తేలింది. ఇంకా తమాషా ‘అరత్’తో వస్తుంది. అరత్ అంటే దున్నుతాడు. అదే దారిలో నడిస్తే అది ‘రాదు’ అవుతుంది. రోమాంధ్ర రైతు రాదు అంటే పొలం దున్నుతున్నాడన్నమాట. ఇలాంటివి చూసి నవ్వుకోవచ్చు కానీ, వాటిని పట్టుకుని రెండు భాషలకూ చుట్టరికం కలపకూడదు. పొయ్యికి లాటిన్ ‘ఫొకుమ్’. మనకు ఫ కొత్త గనుక అది ప అవుతుంది, క గ అవుతుంది, ‘పొగు’ వస్తుంది. పొగకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. రెండు మాటలు ఒకేలా వినబడితే చాలు వ్యుత్పత్తి చెప్పేసే అలవాటు మనవారిలో కొంచెం ఎక్కువ గనుక ఈ హెచ్చరిక.

వ్యాకరణం ధ్వనుల నీడలా వెంట వస్తుంది. లాటిన్ గులాబీ మాటకు ప్రథమలో ‘రొస’, ద్వితీయలో ‘రొసమ్’, పంచమి వంటి అర్థాల్లో ‘రొసా’. చివరి మ్ రాలి, చివరి దీర్ఘం కుదించుకుపోయేసరికి మూడూ ‘రొస’గా మిగిలాయి. విభక్తిని ఎవరూ పనిగట్టుకుని తీసేయలేదు; అది నిలబడిన నేల కొట్టుకుపోయింది. రొమాన్స్ భాషల్లో విభక్తులు పోవడానికి పెద్ద కారణం ఇదే, దారి మాత్రం వేరు. బహువచనం దగ్గర మాత్రం మన భాషకు లాభం కలుగుతుంది. ‘రొసాస్’ చివర ఉకారం చేరగానే ఆ దీర్ఘం పదాంతం కాకుండా పోతుంది కనుక క్షేమంగా ఉంటుంది: రొస, రొసాసు. అలాగే లువు, లువోసు. కుక్కకు కనె, కనేసు. రాత్రికి నొత్తె, నొత్తేసు. చివరి అచ్చును సాగదీసి సు చేర్చితే బహువచనం. ఈ సూత్రాన్ని నేను కల్పించలేదు. ధ్వని సూత్రాలు తమంతట తాము పని చేసుకుపోతే చివర ఇది మిగిలింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం షష్ఠి. లాటిన్‌లో ‘లుపుస్’ వర్గపు మాటలకు షష్ఠీ రూపం ‘లుపీ’. మన సూత్రాల మీదుగా అది ‘లువి’ అవుతుంది. లువు, లువి. ఇప్పుడు తెలుగు చూడండి: కాలు, కాలి, ఊరు, ఊరి, వేలు, వేలి. ఉకారాంతం షష్ఠిలో ఇకారాంతం కావడం ఇక్కడి వారికి పుట్టుకతో వచ్చిన అలవాటు. స్పానిష్, ఫ్రెంచ్ భాషలు షష్ఠిని పారేసి ముందు ‘దె’ తగిలించుకున్నాయి. రోమాంధ్రానికి ఆ అవసరం ఎందుకు వస్తుంది? చుట్టూ ఉన్న భాష ఆ రూపాన్ని ప్రతి పూటా బలపరుస్తూ ఉంటే అది బతికే ఉంటుంది; దాని మీద ప్రత్యయాలు కూడా ఎక్కుతాయి. తోడు అనే అర్థంలో లాటిన్‌లో ‘కుమ్’ సాధారణంగా మాటకు ముందు వచ్చేది, కానీ సర్వనామాలకు మాత్రం వెనక అతుక్కునేది: ‘మేకుమ్’ అంటే నాతో. మన సూత్రంతో అది ‘మేగు’. స్పానిష్‌లో ఈ వెనకటి కుమ్‌ను జనం గుర్తుపట్టలేక ముందు ఇంకొకటి చేర్చి ‘కొన్‌మిగొ’ అన్నారు, అంటే ‘తో నాతో’. విశాఖ తీరంలో ఎవరికైనా వెనకటి ప్రత్యయమే తేలిక. కాబట్టి అది అన్ని నామవాచకాలకూ పాకుతుంది. పులికి కి, మాకు కు అన్నట్టుగా ఇకారం తరువాత ఇకారమే వస్తుంది గనుక తోడేలుతో అనడానికి ‘లువిగి’ అనాలి.

ఇంగ్లీషు ‘ది’ లాంటి ఉపపదాల దగ్గర చాలామంది ఔత్సాహికులు తప్పటడుగు వేస్తారు. రొమాన్స్ అనగానే ఎల్, లా, లె వంటివి ఉండి తీరాలనుకుంటారు. అవి లాటిన్‌లో లేవు. ఆ, అది అనే అర్థమున్న ‘ఇల్లె’ అరిగి అరిగి ఇవి తయారయ్యాయి. రొమేనియన్‌లో అది మాటకు వెనక చేరింది: ‘లుప్’ తోడేలు, ‘లుపుల్’ ఆ తోడేలు. సార్డీనియాలో ఇల్లెకు బదులు ‘ఇప్సె’ ఈ పని చేసింది. లాటిన్‌కూ ఉపపదం లేదు, తెలుగుకూ లేదు. రెండు లేములు కలిస్తే కలిమి ఎలా వస్తుంది? రోమాంధ్రంలో అది ఉండదు. ఇల్లె సర్వనామంగా మిగిలిపోతుంది. ద్వితీయా రూపం ‘ఇల్లుమ్’ కాస్తా ‘ఇల్లు’ అవుతుంది. వాడు అనే అర్థంలో ఇల్లు అనవలసి రావడం గురించి మా అమ్మాయి చాలాసేపు నవ్వింది.

క్రియ గురించి క్లుప్తంగా చెబుతాను. హ్రస్వదీర్ఘ భేదం నిలిచింది గనుక వర్తమానం, భూతం కొన్ని క్రియల్లో అచ్చు నిడివితోనే తెలిసిపోతాయి. వెనిత్, వేనిత్ అనేవి ‘వెనిదు’, ‘వేనిదు’ కావాలి. కత్తికి లు చేర్చితే కత్తులు అయినట్టు మధ్య ఇకారం తరువాతి ఉకారానికి లొంగి ‘వెనుదు’, ‘వేనుదు’ అవుతాయి. వస్తాడు, వచ్చాడు. భవిష్యత్తు కోసం రొమాన్స్ భాషలు ఒక కొత్త ఏర్పాటు చేసుకున్నాయి. ‘కంతారె హబెఒ’, అంటే పాడవలసి ఉంది, అనే రెండు మాటలు ఒకటైపోయి ఇటాలియన్‌లో ‘కంతెరో’, స్పానిష్‌లో ‘కంతరే’ అయ్యాయి. చేస్తూ ఉన్నాను అనేది చేస్తున్నాను అయిన మనకు ఇందులో వింత లేదు. వాక్యంలో క్రియ చివరికే వస్తుంది, ప్రాచీన లాటిన్‌కూ ఆ మొగ్గు ఉండేది. రాత్రి తోడేలును చూశాను అనడానికి లాటిన్ ‘నొక్తె లుపుమ్ వీదీ’. రోమాంధ్రంలో ‘నొత్తె లువు వీది’. పైకి చదివి చూడండి, నోటికి ఎక్కడా అడ్డు తగలదు.

ఇంతవరకు నేను చేసిన మోసాన్ని ఒప్పుకోవాలి. నావికులు ఒకటో శతాబ్దంలో దిగారనుకుంటే, తెలుగులో అంతకు ముందే ముగిసిపోయిన మార్పులను వాళ్ల భాష మీద రుద్దకూడదు. మనకు దొరికిన తొలి పూర్తి తెలుగు శాసనంగా చెప్పే కలమళ్ల శాసనం 575 నాటిది. అంతకు ముందు ఏ మార్పు ఎప్పుడు జరిగిందో సంవత్సరంతో సహా చెప్పడం ఎవరి తరమూ కాదు. క చ కావడం వంటివి చాలా పాతవి కనుక వాటిని వర్తింపజేయడంలో కాలదోషం ఉండవచ్చు. బ్రిథెనిగ్ మీద కూడా ఇలాంటి ఆక్షేపణే చెప్పుకోవచ్చు: ఒక భాషలో జరిగిన మార్పులను గంపగుత్తగా మరొక భాషకు ఎత్తిపోయడం చరిత్ర కాదు. కానీ కొన్ని మార్పుల కాలం మనకు తెలుసు. నన్నయ నాటి 11వ శతాబ్దపు భాషలో క్రింద, ప్రొద్దు వంటి రూపాలున్నాయి. అవి తరువాత కింద, పొద్దు అయ్యాయి. అందుచేత మూడుకు లాటిన్ ‘త్రేస్’ నన్నయ కాలానికి ‘త్రేసు’ అనీ, ఇవాళ ‘తేసు’ అనీ నిశ్చింతగా చెప్పవచ్చు.

పాత రూపాన్ని కాపాడేవారూ, కొత్త రూపాన్ని పలికేవారూ ప్రతి భాషలోనూ ఉంటారు. లాటిన్‌లో 227 జంటల పట్టిక ఒకటి దొరికింది. ‘స్పెకులుమ్ అనాలి, స్పెక్లుమ్ అనకూడదు, ఒకులుస్ అనాలి, ఒక్లుస్ అనకూడదు’ అంటూ సాగుతుంది. పనులు అనాలి, పన్లు అనకూడదు అని మందలించిన మా తెలుగు మాస్టారి గొంతే నాకు అందులో వినిపిస్తుంది. ఆ పంతులు ఓడిపోయాడు: కన్ను అనే అర్థమున్న ఒక్లుస్ నుంచే ఇటాలియన్ ‘ఒక్కియొ’, స్పానిష్ ‘ఒహొ’ వచ్చాయి. రోమాంధ్రంలో కన్ను రాతలో ‘ఒగులు’, మాటలో ‘ఒగ్లు’ అవుతుంది. మాండలికాలు కూడా తప్పవు. విశాఖ చుట్టుపక్కల పల్లెల్లో ఇ, ఎ ముందు వకారం జారిపోతుంది: వెళ్లాడు ఎల్లాడు, వీధి ఈది. కాబట్టి పట్నంలో ‘వీది’ అని చూసినవాడు పల్లెలో ‘ఈది’ అని చూస్తాడు. వచ్చినవాడు ‘ఏనుదు’ అవుతాడు. ఈ మాండలిక రూపాలు రాసుకున్న రోజునే నాకు ఈ భాష మొదటిసారి ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించింది.

అంకెలతో ఆపుతాను, ఎందుకంటే అక్కడే నేను ఆగిపోయాను. ఒకటి ఊను, రెండు దువోసు, మూడు తేసు. ఐదుకు వాడుక లాటిన్‌లో ‘కింక్వె’ అనేవారు, దాని నుంచి చింకె. ఆరు ‘సెక్స్’ దగ్గర మా అమ్మాయి ముఖం తిప్పుకుంది కానీ, లక్ష్మిని లచ్చి చేసిన నోరు ఆ పరువూ కాపాడింది: సెచ్చు. ఏడు సెత్తె, ఎనిమిది ఒత్తు, తొమ్మిది నొవె, పది దెసె. నాలుగు మాత్రం కుదరలేదు. లాటిన్ ‘క్వత్తువొర్’ మొదటి క్వ ఇటాలియన్‌లో అలాగే ఉంది, రొమేనియన్‌లో ప అయి ‘పత్రు’ అయింది, సార్డీనియాలో బ అయి ‘బత్తొరొ’ అయింది. తెలుగు మాట మొదట క్వ వస్తే ఏమవుతుందో చెప్పే పాత ఆధారం నాకు దొరకలేదు గనుక, వకారం రాలిపోయిందనుకుని తాత్కాలికంగా ‘కత్తురు’ అని పెన్సిలుతో రాశాను. “పత్తురు బాగుంటుంది మావయ్యా, పలకడానికి తేలిగ్గా ఉంది” అంది. బాగుండడం సూత్రం కాదు, క్వ ప అయిన మాట ఇంకొకటి చూపించు అన్నాను. ఆమె ఇంకా వెతుకుతోంది. ఆ గడిలో పెన్సిలు గీత అలాగే ఉంది.